చలి తగలని రక్తం

మా పెద్ద డాక్టరు గారు నా రక్తం చూసి మురిసిపోయిన రోజున నేను సిగ్గుతో చచ్చిపోవలసింది. చావలేదు సరికదా, నలుగురికీ చెప్పుకుని తిరిగాను.

కీళ్లవాపు జబ్బు కొన్ని కాలాల్లో ఎందుకు ముదురుతుందో తెలుసుకోవడం ఆయన పరిశోధన. నలభైమంది రోగుల దగ్గరా, పోల్చి చూడడానికి జబ్బు లేని మా సిబ్బంది దగ్గరా నెలనెలా రక్తం తీసేది నేనే. అందులో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో, ఏ ప్రోటీన్లు పెరిగాయో మిషన్లు తేలుస్తాయి. రెండేళ్లకు తేలిందేమిటంటే, చలికాలం రాగానే అందరి రక్తంలోనూ వాపు తెచ్చే ప్రోటీన్లు ఎగబాకుతున్నాయి, ఒక్క నా రక్తంలో తప్ప. నీ ఒంటికి చలికాలమే లేదమ్మా, అని ఆయన తెగ సంబరపడ్డారు.

వెంటనే అక్కకు ఫోన్ చేసి గొప్పలు పోయాను. ఆ నలభైమందిలో అక్క కూడా ఒకతె. వేళ్లు కొంకర్లు పోయి తన జడ తాను అల్లుకోలేకపోయేది. చలికాలంలో ఆ ప్రోటీన్లు పెరిగాయని డాక్టరు గారు ఆమెకు మాత్రలు రెట్టింపు చేశారు. వాటితో వాంతులు, ఊడిపోతున్న జుట్టు. నాలుగు నెలలు ఓర్చుకో అక్కా, అని బుద్ధులు చెప్పిందీ నేనే. ఫోన్లో నా గొప్పలు విని అక్క, నీ రక్తంలోంచే నాకు మందు దొరుకుతుందేమోనే, అంది.

మర్నాడు డాక్టరు గారు నా రక్తం ఎప్పుడు, ఎలా తీసుకున్నానో పూసగుచ్చినట్టు రాసిమ్మన్నారు. రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. తీసిన అరగంటలో రక్తం ఫ్రీజరు గదికి చేరాలి. ఆ గది ఆవరణకు అవతల ఉంది. ఎండాకాలంలో నాలుగు ట్యూబులు నిండగానే పరుగెత్తేదాన్ని. చలిలో ఎవరు పోతారు? హీటరు పక్కన కూర్చుని, అందరివీ పోగేసి సాయంత్రం ఒక్కసారే పట్టుకెళ్లేదాన్ని. నాది ఆఖరున, బయల్దేరే ముందు తీసుకునేదాన్ని. బల్ల మీద నిలవున్న రక్తం మారిపోతుందని తెలిసీ, కాగితం మీద అన్నిటికీ అరగంటే అని రాసేదాన్ని. వాళ్ల రక్తంలో ఆ ప్రోటీన్లను పెంచింది చలికాలం కాదు, నా బద్ధకం. అక్క రోజూ ఆ మాత్రలు మింగుతోందని తెలిసి కూడా నాలుగు రోజులు నోరు మెదపలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

ఐదో రోజు డాక్టరు గారు అక్కను పిలిపించారు. తోడబుట్టినవాళ్లం గనక మా ఇద్దరి రక్తాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారట. అక్క నెత్తిన ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చింది. కూర్చుని, నవ్వుతూ నాకు చెయ్యి చాపింది. టోపీ కింద ఎంత జుట్టు మిగిలిందో నాకు తెలుసు. సూది పట్టుకోలేకపోయాను.

"అక్కా, నా రక్తంలో ఏమీ లేదు," అన్నాను. "చలికి బయటికి పోలేక మీ అందరివీ సాయంత్రం దాకా బల్ల మీదే ఉంచేశాను. నాదొక్కటే తాజాగా పోయింది. ఆ అంకెలన్నీ తప్పు."

డాక్టరు గారు కళ్లజోడు తీసి, ఎన్నాళ్లుగా అని అడిగారు. రెండు చలికాలాలూ, అన్నాను. తల కొట్టేసినట్టయింది. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

అక్క ఆయన్నే చూస్తోంది. "నాకు మాత్రలు పెంచింది ఆ అంకెలు చూసేనా అండీ?"

ఆయన నా వైపు చూశారు. ఔనక్కా, అని నేనే చెప్పాను.

అక్క, చాపిన చెయ్యి నా ముందునుంచి తీసి ఆయన వైపు పెట్టింది.

"మళ్లీ మొదటినుంచీ తీయాలి కదండీ, తీయండి," అంది. "దాని చేత మాత్రం తీయించకండి."