కాలిన కంప్రెసర్ బరువు

తెల్లారేసరికి చేపల బజారులో ఐసు కోసం బకెట్లు వరస కడతాయి. వాటి వెనకే తిట్లు కూడా. మెషీను యజమానిది, ఐసు యజమానిది, లాభం యజమానిది. తిట్లు మాత్రం పార పట్టి ఐసు ఎత్తే ఐసమ్మవి. లోకం పంచిపెట్టే తీరే అంత.

ఆ రోజు మెషీనులోంచి ఒక్క ముక్క రాలలేదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ బ్రేకరు టప్పున పడిపోతోంది.

"తగలెట్టేశావు కదే దాన్ని! చేతకానిదాన్ని పన్లో పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ. ఈ పూటతో సరి, ఇంటికి పో," అన్నాడు యజమాని.

"చప్పుడు మారిందయ్యా అని మొత్తుకుంటూనే ఉన్నా. మీ చెవుల్లో ఐసు గడ్డ కట్టింది," అంది ఐసమ్మ. పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదని ఆమెకి తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.

మెకానిక్కు యజమానికి బావమరిది. అక్క మొహం చూసి వచ్చాడు. కంప్రెసర్ పిన్నులకీ దాని ఇనుప డొప్పకీ మధ్య మీటరు పెట్టాడు. లోపలి రాగితీగ చుట్ట, వైండింగు, కాలి డొప్పకి అంటుకుంది. గ్యాసు సిలిండరులోకి లాగేసి, గొట్టాలు విడదీసి, గుడ్డ మీద రెండు చుక్కల నూనె వంచాడు. తారులా నల్లగా ఉంది, ముక్కులు పగిలే మాడు వాసన.

"ఇది చేసిన పనే కదూ?" అన్నాడు యజమాని, ఐసమ్మని చూపిస్తూ.

"ఎత్తితే తెలుస్తుందిగా బావా."

కాలిన కంప్రెసర్ దాన్ని చంపినవాళ్ళ చేతికే లేస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరికీ అది వింత కాదు.

బోల్టులు విప్పారు. ఐసమ్మ కొంగు దోపి, కంప్రెసర్ని పట్టి లాగింది. నరాలు ఉబ్బాయి గానీ అది మెదల్లేదు. వరసలోని నలుగురు గడ్డపార దూర్చారు. గడ్డపారే వంగింది. మెకానిక్కు పట్టుకుంటే ఒక్క మూల లేచి మళ్ళీ కూర్చుంది. అందరూ యజమాని వైపు తిరిగారు.

"నేనా? నేనేమన్నా కూలీనా?"

"చేపలు కుళ్ళిపోతున్నాయి! నువ్వు ఎత్తుతావా, నిన్ను ఎత్తమంటావా?" అని అరిచింది ఒక చేపలావిడ.

"పోయినసారి కంప్రెసర్ మార్చినప్పుడు ఫిల్టరూ మార్చాలన్నా. పాతదే చాలన్నావు. అప్పుడు కాలినదాని యాసిడు అందులోనే మిగిలి దీన్నీ తినేసింది," అన్నాడు మెకానిక్కు. "తెలిసి కూడా నీ మాట విన్న పాపానికి నాకో మూల లేచింది. మిగతా మూడూ నీవే. పట్టు."

యజమాని తిట్టుకుంటూ వంగాడు. దూది దిండులా లేచింది. మెకానిక్కు ఖాళీ అయిన చోట కొత్త కంప్రెసర్ బిగించాడు, ఈసారి కొత్త ఫిల్టరుతో. గొట్టాలు అతికి, గాలంతా లాగేసి, గ్యాసు ఎక్కించాడు. కాసేపటికి ఐసు గలగలా రాలింది.

పాతది మాత్రం యజమాని చేతుల్లోంచి దిగలేదు. నేలకి ఆనించినా అరచేతులు వదల్లేదు.

"దీన్ని దించరా!"

"దించడానికేముంది బావా, బరువే లేదుగా."

యజమాని కోపం ఐసమ్మ మీదికి మళ్ళింది. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? పొమ్మన్నానా?"

"పోతున్నా." ఐసమ్మ పార తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇదిగో, ఎత్తి పొయ్యండి."

బకెట్లు ముందుకి జరిగాయి. పార అందుకోడానికి ఆయనకి ఖాళీ చెయ్యి లేదు.