పంట బీమా అని చెప్పి

పంట బీమాకు వేలిముద్ర వెయ్యాలి నాయనా అని చెప్పేశాను కదా, ఆ ఒక్క మాటతో పని అయిపోతుందనుకున్నాను, ఎందుకంటే ఇప్పుడు పింఛనుకూ వేలే, రేషను బియ్యానికీ వేలే, విత్తనాలకూ వేలే, ఎవరు రమ్మంటే వాళ్ల వెంట వెళ్లి వేలు చాపడం ఆయనకు అలవాటైపోయింది, ఇదిగో ఇప్పుడు కూడా రిజిస్ట్రారాఫీసు బల్ల మీద నా పక్కనే కూర్చుని, మిషన్లో పడుతుందో లేదోనని బొటనవేలిని తువ్వాలుకు రుద్దుకుంటున్నాడు, చెనిక్కాయలు పెరికి పెరికి ఆ వేలి మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, ఏమిరా రాఘవా, పోయినేడు బెళుగుప్పలోనే ఏపించుకున్నారు గదా, ఈ తూరి ఇంత దూరం రావాల్నా అంటున్నాడు, ఏమో నాయనా, రూల్సు మారినాయంట అంటున్నాను, ఛీ, ఎంత సులువుగా వచ్చేస్తోంది నోటికి.

అడగొచ్చు కదా, నాయనా, చీనీ తోట నా పేరున వీలునామా రాయి అని మొహం చూసి అడగొచ్చు కదా, అడగలేను, బతికున్న మనిషి దగ్గర ఆ మాట ఎత్తితే ఏమప్పా, మీ నాయన్ను అప్పుడే సాగనంపుతాండావా అంటారు మా ఊళ్లో, కానీ అదొక్కటే కారణమా, కాదు, అడిగితే మరి పాపకేమిరా అని ఆయన తిరిగి అడుగుతాడు, అదీ నా భయం, పాప అంటే నా చెల్లెలు ప్రశాంతి, గుంతకల్లులో కాపురం, మొగుడు రైల్వేలో గార్డు, ఇద్దరు పిల్లల తల్లయినా నాయనకు ఇంకా పాపే, ఈ వీలునామా రాసిన మీరావలన్న మొన్ననే అన్నీ విడమరిచి చెప్పాడు, తాతల ఆస్తయితే నీ చెల్లెలికీ నీతో సమానంగా హక్కుండాది, వీలునామాతో దాని వాటా పోదు, ఈ తోట మీ నాయన సొంతంగా కొనింది కాబట్టి ఎవురికైనా రాసుకోవచ్చు, రాయకుండానే పోయినాడనుకో, మీ అమ్మ కూడా లేదు కాబట్టి మీ ఇద్దురికీ చెరి సగం అన్నాడు, ఆ సగం అన్న మాట దగ్గరే నా బుద్ధి గడ్డి తిన్నది, పక్క చేను అన్నదమ్ములు కోర్టుకెక్కి, కాలిన మోటారు ఎవరు బాగుచేయించాలో తేలక చెట్లన్నీ నిలువునా ఎండబెట్టుకున్నారు, మాకు ఆ గతి పట్టకూడదని, బత్తాయి చెట్ల కోసమే ఇదంతా అని నాకు నేనే చెప్పుకున్నాను, ఆహా, ఎంత మంచివాణ్ణి, మరి ఆ చెట్లకు నీళ్లు ఎవరి చేతి చలవరా, ఎన్ని బోర్లు వేసినా దుమ్మే లేచిందే గాని తడి కనిపించలేదు, చివరికి నీళ్లు చూసే ఆయన వచ్చి నా అరచేతిలో టెంకాయ పెట్టి చేనంతా తిప్పాడు, అది చచ్చినా కదల్లేదు, పాప చేతిలో పెడితే నాలుగడుగులకే నిక్కి నిలబడింది, అక్కడే వేశారు, పడ్డాయి నీళ్లు, ఈ రోజుకీ దాని పేరు పాప బోరే, ఊరంతా అలాగే అంటారు, నేనూ అలాగే అంటాను, ఆ బోరును కూడా కలిపి రాయించుకుంటున్నాను, సిగ్గు లేదూ నాకు.

పిలిచారు, లోపల రిజిస్ట్రారు పుష్పావతి మేడమ్ కాగితం చేతిలోకి తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది, అయ్యో, చదువుతుందని మీరావలన్న చెప్పనేలేదే, గబగబా వేలు వేయించుకుని పంపేస్తారనుకున్నానే, నా తదనంతరం చీనీ తోట, బోరు, మోటారు సహా నా కుమారుడు రాఘవేంద్రకు చెందవలెను, కుమార్తె ప్రశాంతికి వివాహం చేసి పంపినందున ఆమెకు ఇందులో ఏ హక్కూ లేదు, తువ్వాలు మీద రుద్దుకుంటున్న వేలు ఆగిపోయింది, నేను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాను, పెద్దాయనా, ఇది నీ వీలునామా, నువ్వే రాపిచ్చినావా, ఎవురన్నా బలవంతం చేసినారా అని అడిగింది, అయిపోయింది, ఇక నలుగురిలో నా బతుకు బయటపడుతుంది, నాకు బీమా అని చెప్పి తోడుకొచ్చినాడమ్మా అంటాడు, అననీ, ఆ మాట పడాల్సిందే అనుకున్నాను, ఆయన నన్ను ఒక్కసారి చూశాడు, తర్వాత మేడమ్ వైపు తిరిగి, నేనే రాపియ్యమన్నానమ్మా, వాడు వద్దు వద్దంటాన్నా నేనే ఇనలేదు అన్నాడు, తల కొట్టేసినట్టయింది నాకు, కూతురికేమీ రాయలేదే అని ఆమె అడిగితే దానికేమమ్మా, వాళ్లన్న ఉండాడు గదా, వాడు చూసుకుంటాడు అన్నాడు, ఒక్క తిట్టు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

వేలు పెట్టాడు, మిషను తీసుకోలేదు, మళ్లీ పెట్టాడు, తీసుకోలేదు, సబ్బుతో కడుక్కుని రమ్మన్నారు, బయట కొళాయి దగ్గర నేను నీళ్లు తిప్పాను, ఆయన వంగి, బీమా పని లాగే, ఇదీ ఒక పనే అన్నట్టు శ్రద్ధగా తోముకుంటున్నాడు, నాయనా అన్నాను, ఆయన తలెత్తకుండానే పాపకు తెలుసునా అన్నాడు, లేదు నాయనా అన్నాను, తెలీనియ్యొద్దులేరా, అది వచ్చినప్పుడు నేనేమీ ఎరగనట్టే ఉంటాలే అన్నాడు, ఉండగలడా ఈయన, చెల్లెలు ఊరికొస్తే చెప్పులు కూడా విప్పకుండా ముందు తోటకే పరుగెడుతుంది, నాయనా, నా బోరు ఎట్లుండాది అని నవ్వుతూ అడుగుతుంది, బాగుండాదిమ్మా అని ఈయన ఎటు చూస్తూ చెప్పాలి, కూతురి దగ్గర ఒక్క మాట కూడా దాచుకోని మనిషి, నాకోసం ఇందాక మేడమ్ ముందు అబద్ధమాడాడు, రేపు దాని ముందు ఆడతాడు, బతికినన్నాళ్లూ ఆడతాడు, అడిగి ఉంటే ఏమిచ్చేవాడో ఏమో, అడగని పాపానికి అబద్ధమెరగని తన మాటే ఇచ్చేస్తున్నాడు, కొళాయి కట్టేశాను, చాల్లే నాయనా, కడగొద్దు, పోదాం పా, ఆ కాగితం చించేయమని చెప్పొస్తాను, ఏమిరా, ఏమైందిరా అంటున్నాడు, ఏమని చెప్పను, దాని మీద ఈయన వేలు పడిందంటే, చెల్లెలు గడప తొక్కిన ప్రతిసారీ నేను తలెత్తుకునే తిరుగుతాను, తల దించుకునేది నాయన.