నేను బాగుందన్న ఫోను

మా మనవరాలు ఊర్మిల దోర్నపాల్‌లో ఫోన్లకు యాప్‌లు తయారుచేసే పని చేస్తుంది. ఈసారిది జీపును పిలిచే యాప్. ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ఎర్ర బొత్తం నొక్కి ఊరు చెప్పాలి, జీపు వస్తుంది. మొత్తం ఒకేసారి చేయదట. వారానికో ముక్క చేసి, మాలాంటివాళ్లతో నొక్కించి, తప్పులు దిద్దాకే తర్వాతి ముక్క. నొక్కి చూసే పని నాకిచ్చింది. మూడో తరగతితో బడి మానేసినవాడికి అర్థమైతే అందరికీ అయినట్టేనంది. కాదనలేకపోయాను.

మొదటి వారం నొక్కాను. ఏ పారా, అంటే ఊళ్లో ఏ వాడ, ఎవరి ఇల్లు అని మొదలుపెట్టి ఊరి పేరు దాకా వచ్చేలోపు ఫోను "సమయం అయిపోయింది" అంది. నాకు నోరు తెరవడానికే చాలాసేపు పడుతుందని ఇంట్లో అందరూ అంటారు. ఫోను కూడా కనిపెట్టిందనుకున్నాను. పైగా వండినవాళ్ల ముందు ఉప్పు తక్కువైందని మా ఇళ్లలో అనరు. ఎలా ఉందని ఊర్మిల అడిగితే "బాగుంది" అన్నాను. రెండో వారం, మూడో వారం కూడా అదే మాట. పాపం, ఆమె దాని మీదే మిగతా ముక్కలు కట్టుకుంటూ పోయింది.

సోమవారం యాప్ ఊళ్లకు ఇచ్చేస్తారనగా పక్కింటి బుధ్రి వచ్చింది. ఆమెకు ఎనిమిదో నెల, ఆ జీపు ముందు కావలసింది ఆమెకే. ఫోను తీసుకుని, పారా, మామగారి పేరు, ఇంటి పేరు గబగబా చెప్పింది. ఊరి పేరు రాకముందే సమయం అయిపోయింది. బుధ్రి కంటే వేగంగా మాట్లాడే మనిషి మా ఊళ్లో లేదు.

"ఏంది మామా, నీకు పలికిందా ఇది?"

"లేదు."

"మరి బాగుందని ఎందుకన్నవ్?"

ఉప్పు సంగతి చెప్పాను.

"ఉప్పు లేకుంటే నువ్వు తింటవ్. జీపు రాకుంటే పోయేది నేను."

ఆ పూటే దోర్నపాల్ వెళ్లి ఊర్మిల ముందు కూర్చున్నాను. ఏడాదిలో మాట్లాడేదంతా ఒక్క గంటలో మాట్లాడాను. ఆమె తిట్టలేదు. మూడు వారాల పని విప్పాలి, సోమవారం కుదరదు అని మాత్రం అంది. అదే ఎక్కువ గుచ్చుకుంది. తర్వాత ఆమె దిద్ది పంపిన రెండు ముక్కలకూ సమయం చాలదన్నాను. మూడోది బుధ్రి చేతికిచ్చాను. పారా నుంచి ఊరి దాకా నింపాదిగా చెప్పింది. ఫోను ఓపిగ్గా విన్నది. కాసేపటికి డ్రైవర్ సుక్రాం జీపు గుమ్మం ముందు ఆగింది. నొప్పులు రాలేదు, ఫోను పనిచేస్తుందో లేదో చూస్తున్నాం అని చెబితే తల పట్టుకున్నాడు.

ఎలా ఉందని ఊర్మిల ఫోన్ చేసింది.

"జీపు వచ్చింది," అన్నాను. "హారన్ బాగాలేదు."