ఒక పెట్టె, రెండు కాపురాలు

నేను ఒక కంప్యూటర్ని. ఇళ్లలో బల్ల మీద పెట్టుకునే మామూలు రకమే. కానీ నన్ను మామూలుగా లెక్కకట్టకండి. నా పెట్టె ఒకటే అయినా లోపల కాపురాలు రెండు. ఒకదాని పేరు విండోస్, రెండోదాని పేరు లైనక్స్, రెండూ నన్ను నడిపించే ప్రోగ్రామ్‌లే. ఒకటి మేలుకుంటే రెండోది నిద్రపోతుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ మాటా మాటా అనుకోలేదు. ధర్మవరంలో మా వీధిలో అట్లా చెప్పుకోగల ఇల్లు ఇంకొకటి ఉంటే చూపించండి!

నన్ను అనంతపురంలో ఒక చిన్న దుకాణంలో బిగించారు. నాలోని ముక్కలు ఏయే దేశాల నుంచి వచ్చాయో నాకే తెలియదు. అన్నింటినీ ఒక రేకు డబ్బాలో సర్దుతూ దుకాణాయన ఎదురుగా నిలబడ్డ అమ్మాయిని అడిగాడు. "దేనికమ్మా ఇది? చదువుకా, సినిమాలకా?"

"చీరలకు" అంది ఆ అమ్మాయి.

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నాకు మాత్రం ఆ మాటతోనే తెలిసిపోయింది, నేను మంచిచోటికే పోతున్నానని.

ఆమె పేరు చంద్రకళ. నేతపనివాళ్ల ఇంటి పిల్ల. చీరల డిజైన్లు గీయడం నేర్చుకుని వచ్చింది. ఇంటి ముందు గదిలో ఆమె అన్న ఓబులేశు మగ్గం ఉండేది. ఆ పక్కనే కిటికీ దగ్గర నాకు చోటిచ్చారు. ఓబులేశు భార్య హేమలత నా నెత్తిన పసుపూ కుంకుమా పెట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు నా మీద పడకుండా చంద్రకళ చీరకొంగు అడ్డం పెట్టింది. మనుషులు ఏ యంత్రాన్నయినా ముందు దేవుణ్ణి చేస్తారు, ఆ తర్వాతే పనికి పెడతారు. నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

చంద్రకళ పని చూడముచ్చటగా ఉండేది. తెర నిండా సన్నని గళ్లు. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్లలో రంగు నింపుకుంటూ పోతే హంస వస్తుంది, మామిడిపిందె వస్తుంది, కొంగు మీద కోటగోడ లేస్తుంది. ఆ బొమ్మను పట్టుకుపోయి అట్టలు కొట్టిస్తే, చిల్లులు పడిన ఆ అట్టల దండను మగ్గం పైన వేలాడదీస్తారు. ఏ పోగు లేవాలో, ఏ పోగు అణగాలో అట్టలే చెబుతాయి. ఆ పెళ్లిచీరలు కట్టుకున్నవాళ్లకు నా సంగతి తెలియదు. తెలియకపోయినా నాకు గర్వమే.

కొన్నాళ్లకు చంద్రకళ గళ్లను పెద్దవి చేసుకుని గీయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకా పెద్దవి. కుర్చీ ముందుకు జరిగింది. ఒకరోజు ఆమె ముక్కు నా తెరకు తగిలింది. ఎరుపు పక్కన మెరూన్ పెట్టి, రెండూ ఒకటే అనుకుని, అట్లాగే అట్టలు కొట్టించింది. ఆ చీర అంచు చూసి ఓబులేశు చెల్లెల్ని కంటి ఆసుపత్రికి తీసుకుపోయాడు. కంటి వెనకాల పొర ఎండిపోతోందని, మందు లేదని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పారు. ఏడాది తిరిగేలోపు ఆమెకు వెలుతురు వైపేదో, చీకటి వైపేదో తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు.

హేమలత నా ముందు కూర్చుని డిజైన్లు నేర్చుకుంది. నేర్పింది చంద్రకళే, మంచం మీద కూర్చుని నోటితో. కానీ పాఠాలు అయిపోయాక ఆ మంచం దగ్గరినుంచి మాట వినిపించడం మానేసింది. అన్నం తిన్నావా అంటే తిన్నాననేది. అంతే.

ఆ ఇంటికి బాషా సారు రావడం అప్పుడే. ఆయన అనంతపురంలో బడిపంతులు. పుట్టుకతోనే చూపు లేదు. ఎవరో చెబితే ఒక ఆదివారం రైలెక్కి వచ్చి, చంద్రకళ చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు.

"దీంట్లో లైనక్స్ అని ఒకటుందమ్మా. తెర మీద ఉండేదంతా చదివి వినిపిస్తుంది. మనం ఏ అక్షరం కొడితే ఆ అక్షరం పలుకుతుంది. నేను ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు అన్నీ దీంట్లోనే రాస్తా."

"మా దాంట్లో విండోస్ ఉంది గదా సార్. దాంట్లోనే మాట్లాడించకూడదా?" అని హేమలత అడిగింది.

"మీది చానా పాతదమ్మా. దాని మీద ఇంకో బరువు వేస్తే మీ డిజైన్ ప్రోగ్రామ్ నిలిచిపోతుంది. కొత్త విండోస్ వేస్తే ఆ ప్రోగ్రామ్ అసలుకే లేవదు. దాన్ని కదిలించొద్దు. పక్కన ఇంకో గది కడదాం."

కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంటలోంచి ఓబులేశు గొంతు లేచింది. "ఒక ఒరలో రెండు కత్తులు యాడైనా ఇముడుతాయా సార్? ఇన్నేండ్ల డిజైన్లు ఉండాయి దాంట్లో. పోతే మళ్లా ఎవురు గీస్తారు?"

"గీసింది నేను గదన్నా. పోతే పోయేది గూడా నాదే" అంది చంద్రకళ.

చాలా రోజుల తర్వాత ఆ గొంతులో పదును విని ఓబులేశు మళ్లీ మగ్గం మీదికి వంగాడు. హేమలత మాత్రం తెలివైనది. ముందు డిజైన్లన్నీ వేరే డిస్కులోకి ఎత్తి భద్రం చేసింది. ఆ తర్వాతే సరే అంది.

నా హార్డ్ డిస్కులో ఖాళీగా ఉన్న జాగాను విడదీసి, గోడ కట్టి, లైనక్స్‌ను కాపురం పెట్టారు. మా వీధిలో అన్నదమ్ములు ఇల్లు పంచుకోవాలంటే పెద్దమనుషులు రావాలి, అరుపులు లేవాలి, ఎవరో ఒకరు పెరట్లో ముఖం కడుక్కునే నెపంతో ఏడవాలి. నా పంపకం హేమలత రెండుసార్లు టీ పెట్టేలోపు అయిపోయింది.

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. పెద్ద షావుకారు ఇంటి పెళ్లిచీర డిజైను ఆ రోజే అట్టలు కొట్టే చోటికి చేరాలి. హేమలత నన్ను లేపింది. నేను లేచాను. కానీ లేచింది లైనక్స్. మళ్లీ ఆపి లేపింది. మళ్లీ లైనక్సే. విండోస్ అన్న పేరే ఎక్కడా కనిపించలేదు.

"ఏమయ్యా, విండోస్ లేదు" అంది హేమలత. డిజైన్ల నకలు వేరే డిస్కులో ఉన్నా, వాటిని తెరిచే ప్రోగ్రామ్ విండోస్‌లోనే ఉంది. దాన్ని ఎక్కించిన మనిషి ఎప్పుడో ఊరు వదిలిపోయాడు. ఆ ప్రోగ్రామ్ పోతే ఇంట్లో డిజైన్ పనే పోయినట్టు.

"చెప్తి గదా! ఒకటి ఇంకోదాన్ని మింగేసె!" ఓబులేశు కోపం పోగుల్ని బిగించే పలక మీద చూపించాడు. మగ్గం ధడధడలాడింది.

చంద్రకళ మంచం మీదినుంచి లేచింది. గోడ పట్టుకుని వచ్చి, కుర్చీ తడిమి కూర్చుంది. "అన్నా, రోంతసేపు మగ్గం ఆపు. నాకు వినపడాల."

మగ్గం ఆగింది. ఆ గదిలో పగటిపూట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

హేమలత బాషా సారుకు ఫోన్ కలిపింది. సంగతి విని ఆయన నవ్వాడు. "భయపడొద్దమ్మా. ఆ కాపురం ఎక్కడికీ పోలేదు. గుమ్మం మీద పేరు రాయడం మరిచిపోయినాం, అంతే. నేను ఒక్కో అక్షరం చెప్తా, చంద్రకళమ్మ కొట్టాల."

కీబోర్డులో రెండు మీటల మీద చిన్న చిన్న గీతలుంటాయి, చూపుడువేళ్లకు తగిలేట్టు. కళ్లున్నవాళ్లు జన్మంతా వాడినా వాటిని గమనించరు. చంద్రకళ వేళ్లు నేరుగా అక్కడికే వెళ్లాయి. ఆయన ఒక అక్షరం చెబుతాడు. ఆమె కొడుతుంది. లైనక్స్ ఆ అక్షరాన్ని పలుకుతుంది. జలుబు చేసిన రైల్వే స్టేషన్ గొంతు దానిది, అయినా మాట స్పష్టం. మొదటిసారి ఒక అక్షరం జారింది. అట్లాంటి ఆజ్ఞ ఏదీ లేదని ఆ గొంతు నిర్మొహమాటంగా చెప్పింది. చంద్రకళ పెదవి కొరుక్కుని మళ్లీ మొదలుపెట్టింది.

ఈసారి లైనక్స్ నా మూలమూలా వెతికింది. వరసగా ఏవేవో చదువుతూ పోయింది. హేమలత తెర చూడటం లేదు, కళ్లు మూసుకుంది. ఆ వరసల మధ్యలో, ఏ సంబరమూ లేని అదే గొంతుతో, "విండోస్" అన్న మాట వచ్చింది.

"ఉంది వదినా! యాడికీ పోలేదు!" చంద్రకళ రెండు చేతులూ పైకెత్తింది. హేమలత ఆమె మెడ చుట్టూ చేతులు వేసి భుజంలో ముఖం దాచుకుంది.

ఫోన్లో బాషా సారు ఇంకో సంగతి చెప్పాడు. "ఇకనుంచి లేపినప్పుడల్లా రెండు పేర్లు చూపించి, కొంచెంసేపు ఆగుతుంది. ఏదీ ఎంచుకోకపోతే పైనున్నదే లేస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ పేర్లు మాత్రం అది చదివి వినిపించదు. ఇప్పుడు పైన లైనక్స్ ఉంది. మీ పని ఎక్కువ విండోస్‌లో కాబట్టి, కావాలంటే దాన్ని పైకి మారుద్దాం."

హేమలత ఏదో అనబోయింది. అంతకన్నా ముందు మగ్గం గుంటలోంచి జవాబు వచ్చింది. "వద్దు సార్. చంద్రదే పైన ఉండనీండి. మాకు కండ్లున్నాయి, కిందికి జరుపుకుంటాం."

చంద్రకళ అన్న వైపు ముఖం తిప్పింది. ఓబులేశు మళ్లీ మగ్గం కదిలించాడు. పెళ్లిచీర డిజైను ఆ సాయంత్రమే అట్టలకు పోయింది.

మా ఇంట్లో ఒక చిత్రం చెబుతాను. విండోస్‌కు గోడ అవతల ఏముందో కనిపించదు. లైనక్స్‌కు మాత్రం అవతలి గది అంతా తెలుసు, అక్కడ సామాను పెట్టగలదు, తీయగలదు. ఈ సంగతి చంద్రకళ తొందరగానే పట్టేసింది. పొద్దున హేమలత విండోస్‌లో పని చేసుకుని లేచాక, మధ్యాహ్నం చంద్రకళ వచ్చి కూర్చునేది. కొత్త అంచులను అక్షరాలుగా రాయడం మొదలుపెట్టింది. ఎరుపుకు ఒక అక్షరం, జరీకి ఒక అక్షరం, ఖాళీ పోగుకు ఒక చుక్క. వరస తర్వాత వరస. లైనక్స్ చదువుతుంటే తల ఊపుతూ వింటుంది. లయ తప్పినచోట దిద్దుతుంది. పూర్తయ్యాక తీసుకుపోయి హేమలత విండోస్ గదిలో పెడుతుంది. మర్నాడు హేమలత వాటిని చూసి గళ్లలో రంగులు నింపుతుంది.

మొదట వచ్చింది చింతపూల అంచు. ఓబులేశు తానే నేశాడు. మగ్గం మీదినుంచి దించి చెల్లెలి ఒళ్లో పెట్టి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు. చంద్రకళ అంచు వెంబడి వేళ్లు నడిపించింది, ఈ కొసనుంచి ఆ కొసదాకా. మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఎట్లుందమ్మీ?" అన్నాడు ఓబులేశు. కళ్లున్న మనిషి కళ్లు లేని మనిషిని అడుగుతున్నాడని ఆ గదిలో ఎవరికీ తోచలేదు.

"పూలు బాగుండాయన్నా. ఆకులు కొంచెం లావైనాయి. తప్పు నాదే, దిద్దుతా."

ఇప్పుడు నేను పాతబడ్డాను. ఫ్యాను తిరిగితే పిండిమర అనుకుంటారు. హేమలతకు కొత్త కంప్యూటర్ వచ్చింది, కొత్త డిజైన్ ప్రోగ్రామ్‌తో. నన్ను చంద్రకళ గదిలోకి మార్చారు. కొత్తదాన్ని తెచ్చినాయన నన్ను చూసి, "ఇంకా ఆ పాత విండోస్ ఎందుకమ్మా, తీసేస్తే జాగా మిగులుతుంది" అన్నాడు.

"నాకున్న జాగా చాలు. దాన్ని ఉండనీండి" అంది చంద్రకళ.

ఆ మాట ఎంత ముందుచూపుదో పోయిన వారమే తేలింది. కొత్త కంప్యూటర్ మొరాయించి దుకాణానికి పోయింది. చేతిలో పని తొందర. హేమలత నా దగ్గరికొచ్చి, లేపి, రెండు పేర్లు కనిపించగానే మీట నొక్కి కిందికి జరిగింది. విండోస్ లేచింది, నిన్ననే పడుకున్నట్టు. చంద్రకళ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగు మీద తీగ ఒకటి మూల తిరగాల్సిన చోట ఎంతకూ తిరగడం లేదు. హేమలత చెరుపుతోంది, గీస్తోంది, మళ్లీ చెరుపుతోంది.

"ఎట్ల తిప్పాల చంద్రా దీన్ని?"

చంద్రకళ వేలు బల్ల అంచు మీద మెల్లగా కదిలి, ఒకచోట ఒదిగి మళ్లింది.

"పైకి ఇంకొన్ని గళ్లు పోనీ వదినా. మలుపు ముందే తిప్పేస్తాండావు. తీగకు తొందరుండదు."

హేమలత మీట మీద వేలు ఆనించి, చంద్రకళ వేలిని చూస్తూ, ఒక్కో గడీ పైకి పోనిచ్చింది.