పదింటికి పోయే బొమ్మ

నెల రోజులుగా ఆ ఇంట్లో టీవీ బుద్ధిపుట్టినప్పుడు ఆడుతోంది, లేనప్పుడు ‘సిగ్నల్ లేదు’ అంటోంది. ఇంకెప్పుడైనా అయితే సర్దుకుపోయేవారే. కానీ ఆదివారం పదకొండు గంటలకు ఆ ఇంటి ఆడపిల్ల బరువులెత్తే పోటీ ఫైనల్. కిందటిసారి ఆమె సరిగ్గా బారు మీద చెయ్యి వేసేసరికి తెర నల్లబడింది. రిటైరైన బస్సు డ్రైవరు, ఆమె తండ్రి, ఆ రోజు అన్నం ముట్టలేదు.

డిష్ మెకానిక్ మూడుసార్లు వచ్చాడు. వచ్చిందల్లా సాయంత్రాలే. అప్పటికి బొమ్మ అద్దంలా ఉండేది.

“బాక్సు పాతదమ్మా, మార్చేయండి,” అన్నాడు మూడోసారి.

“మధ్యాహ్నానికి దానంతటదే బాగయ్యే జబ్బు బాక్సుకు ఉంటుందా అన్నయ్యా?” అంది ఇంటి కోడలు. ఆమె టైలరు. అతను నవ్వేసి వెళ్లిపోయాడు.

ఆమె కొలతల పుస్తకంలో చివరి పేజీ తీసి, బొమ్మ పోయిన వేళ, వచ్చిన వేళ రాయసాగింది. పదింటికి పోతోంది, రెండు దాటాక వస్తోంది. చిత్రమేమిటంటే, బుధవారం పొద్దంతా వాన కురిసినా ఒక్కసారీ పోలేదు.

“వానకు పోవాలి గానీ ఎండకు పోవడమేంటి మామయ్యా?”

“దాని తిక్క దానిది. వదిలెయ్యమ్మా.”

ఆదివారం పది దాటగానే తెర మళ్లీ నల్లబడింది. కోడలు మేడ మీదికి పరుగెత్తింది. రోజూలాగే మామగారు అప్పుడే ఆరేసి వెళ్లిన దుప్పట్లు నీళ్లోడుతున్నాయి. దండెం ఒక కొస గోడ మేకుకు, రెండో కొస డిష్ రాడ్డుకు కట్టి ఉంది. తడి బరువుకు రాడ్డు రవ్వంత పక్కకు ఒరిగింది.

ఆమె దుప్పట్లను రెండు చేతులతో పైకెత్తింది. కింద టీవీ మోగింది. వదిలింది. ఆగిపోయింది.

“మామయ్యా! ఈ దండెం ఇక్కడ కట్టిందెవరు?”

మామగారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. “నేనేనమ్మా... ఇనప రాడ్డు కదా, గట్టిగా ఉంటుందని.”

ఆమెకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. దుప్పట్లు పిట్టగోడ మీద పడేసి దండెం విప్పేసింది. అయినా, నెల రోజుల లాగుడుకు రాడ్డు నట్టు వదులై డిష్ గాలికే ఊగుతోంది. పానా పట్టుకుంది. మామగారు తెర మీద సిగ్నల్ అంకెలు చూస్తూ కిటికీలోంచి కేకలు పెట్టాడు, బస్సును వెనక్కి తీయిస్తున్నట్టు.

“ముప్పై... యాభై... కొంచెం కుడికి... ఎనభై... తొంభై! ఆపు, అక్కడే ఆపు!”

ఆమె నట్టు బిగించి, ఊడిన జుట్టు ముడేసుకుంటూ కిందికొచ్చేసరికి తెర మీద ఆడపడుచు చేతులకు సుద్ద రుద్దుకుంటోంది. బారు భుజాల దాకా లేచింది. ఒక్క క్షణం మోకాళ్లు వణికాయి. తర్వాత ఒక్క ఊపున తల మీదికి వెళ్లి నిలబడిపోయింది. ఎత్తు చెల్లిందంటూ జడ్జీల మూడు తెల్ల లైట్లూ వెలిగాయి.

మామగారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. కళ్లద్దాలు ఎటో పడ్డాయి. వెతుక్కోలేదు.

పావుగంటకు ఫోన్ మోగింది. “వదినా, ఈసారైనా కనిపించానా?”

“ముక్కు మీది చెమట చుక్కతో సహా!” అంది కోడలు. వెనకనుంచి మామగారు “నాకియ్యి, నాకియ్యి” అంటూ ఫోన్ లాక్కుంటున్నాడు.