రెండు గంటల పాలకు లేవని పాప

మధ్యాహ్నం రెండింటికి పాలకు లేవాల్సిన పాప మూడున్నరైనా లేవలేదు.

ఆ సంగతి ముందుగా తెలిసింది తల్లి రొమ్ములకే. రెండువైపులా రాళ్లలా గట్టిపడి, నైటీ ముందుభాగమంతా తడిసిపోయింది. ఆ తడికే ఆమెకు మెలకువ వచ్చింది. ఒక క్షణం తానెక్కడుందో కూడా తెలియలేదు. తల దిమ్ముగా ఉంది. పక్కనే ఉయ్యాలలో మూడు నెలల పాప, గుప్పిళ్లు విప్పేసి, నోరు కాస్త తెరుచుకుని, కదలకుండా పడుకుని ఉంది.

ఆమె ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఒక్క గుర్తు తప్పినా పేజీని ముందుకు కదలనివ్వదని అక్కడివాళ్లు ఆమెకు ‘కామా’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చేసింది. బస్సు నడిపే మొగుడు కూడా, “కామా ఎదురొస్తే బస్సైనా ఆగాల్సిందే” అని నవ్వుతాడు. ఆవేళ అతను డ్యూటీలో ఉన్నాడు. రాత్రికిగానీ రాడు. ఇంట్లో ఉన్నది కామా, పాప, అత్తగారు.

నాలుగు రోజుల కిందట కామా కుడి కిడ్నీ కింద నాళంలో ఇరుక్కున్న రాయిని డాక్టర్లు తీసేశారు. కింద నుంచి సన్నని గొట్టం పంపి, రాయిని పొడి చేసి, నాళం వాచి మూసుకుపోకుండా లోపల మెత్తటి గొట్టం ఇంకొకటి ఉంచారు. దాన్ని స్టెంటు అన్నారు. పది రోజులు పోయాక తీస్తామన్నారు. రాయి పోయింది కదా, ఇక నొప్పేముంటుందిలే అనుకుని కామా ఇంటికొచ్చింది. వచ్చాక తెలిసింది అసలు కథ. బాత్రూముకి వెళ్లిన ప్రతిసారీ కింద నిప్పు పెట్టినట్టు మంట. వెంటనే నడుములో వెనకనుంచి ఎవరో మోకాలితో పొడిచినట్టు పోటు. గోడకున్న కుళాయిని రెండు చేతులా పట్టుకుని, పళ్ల బిగువున కేక ఆపుకునేది. బాత్రూముకి వెళ్లే పని తగ్గుతుందని నీళ్లు తాగడం మానేసింది. దాంతో మంట రెట్టింపైంది.

మందుల చీటీలో రెండు మాత్రలున్నాయి. ఒకటి మామూలు పారాసిటమాల్. రెండోది, “నొప్పి తట్టుకోలేకపోతే ఆరు గంటలకొకటి” అని డిశ్చార్జి రోజు కుర్ర డాక్టరు రాసిచ్చినది. ఏ మందు వేసుకుంటే పాలల్లోకి ఏం పోతుందోనని కామా రెండు రోజులు ఏదీ ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం పాపని ఒళ్లో వేసుకుని కూర్చోలేక, మెలికలు తిరిగిపోతుంటే అత్తగారికి ఓపిక నశించింది.

“చూడమ్మాయ్, మాత్రయినా వేసుకో, పిల్లకి సీసా అయినా అలవాటు చెయ్యి. రెండూ చెయ్యనంటే ఎలా?”

“సీసా పట్టట్లేదు కదత్తయ్యా, ఉమ్మేస్తోంది. మీరూ చూశారుగా.”

“అయితే మాత్ర వేసుకో. డాక్టరు తెలీకుండానే రాశాడా?”

ఆ చివరి మాట కామాకి సబబే అనిపించింది. ఆస్పత్రిలో చేరిన రోజు తాను పాలిచ్చే తల్లినని నర్సుకి చెప్పింది. చెప్పాక రాసుకునే ఉంటారు కదా. నిన్న సాయంత్రం ఒకటి వేసుకుంది. గంటలో నొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. ఈ పొద్దున్న ఇంకోటి, పన్నెండింటికి మూడోది. పాప పాలు తాగి హాయిగా నిద్రపోయింది. “తల్లికి సుఖంగా ఉంటే పిల్లకీ సుఖమే” అని అత్తగారు మురిసిపోయారు కూడా.

ఇప్పుడు మూడున్నర.

కామా పాపని ఎత్తుకుంది. తల వెనక్కి వాలిపోయింది. చేతులు తడిగుడ్డల్లా వేలాడాయి. “అమ్మలూ, లే నాన్నా, లే” అంటూ అరికాళ్లు రుద్దింది. రొమ్ము నోటికి అందించింది. పాప రెండు గుక్కలు పీల్చి వదిలేసింది. పాలు మూతి పక్కనుంచి కారిపోయాయి. కళ్లు సగం తెరిచి, ఎటూ చూడకుండా, మళ్లీ మూసేసింది.

కామా పాపని భుజానికెత్తుకుని తలుపు వైపు తిరిగింది.

“అత్తయ్యా!”

ఆ పిలుపులో ఏముందోగానీ వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడైంది. అత్తగారు పరుగున వచ్చారు. చీటీ, మందుల డబ్బా బల్ల మీదే ఉన్నాయి. కామా ఒంటి చేత్తో డబ్బా విప్పి, ఎనిమిది మడతలు పెట్టిన కాగితాన్ని బయటికి లాగింది. చీమతలకాయంత అక్షరాలు. ఏళ్ల తరబడి ఇలాంటి అక్షరాల్లో ఇతరుల తప్పులు పట్టుకుంటూ బతికిన మనిషి ఆమె. సొంత మందు కాగితం మాత్రం నొప్పిలో విప్పనే లేదు. మూడో మడతలో ఆ వాక్యం దొరికింది. పాలిచ్చే తల్లులు వాడకూడదు. బిడ్డకు విపరీతమైన మగత, ఊపిరి మందగించడం.

“ఏముంది?” అన్నారు అత్తగారు.

కామా చదివి వినిపించలేకపోయింది. కాగితం ఆవిడ చేతికిచ్చింది.

అత్తగారు ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఆపరేటరు. కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యం చదివారు. ముఖం పాలిపోయింది. కానీ చెయ్యి అప్పటికే ఫోను మీద ఉంది. అవతల ఆస్పత్రిలో ఎవరో అమ్మాయి, “లైన్లో ఉండండి” అంది.

“ఉండను. ఆ మాట ముప్పై ఏళ్లు నేనే చెప్పాను, దాని అర్థం నాకు తెలుసు. మూడు నెలల పిల్ల, తల్లి మందు పాలల్లోకి పోయింది, లేపినా లేవట్లేదు. పిల్లల డాక్టరుకి కలుపు. ఇప్పుడే.”

కలిపారు. అవతల గొంతు నింపాదిగా అడిగింది. “అమ్మా, పాప ఛాతీ చూడండి. నిమిషంలో ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టండి. నిమిషం నిండాలి, మధ్యలో ఆపకండి.”

కామా గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. తర్వాత ఛాతీ ఆగింది. ఆగినట్టే అనిపించింది. కామా ఊపిరి కూడా ఆగింది. నాలుగు. నిమిషం అంత పొడుగుంటుందని ఆమెకి అంతవరకు తెలియదు.

“ఇరవై రెండు,” అంది.

“తక్కువ. ఈ వయసుకి ముప్పైకి పైనే ఉండాలి. పెదాలు నీలంగా ఉన్నాయా?”

“లేవు.”

“అంబులెన్సు పంపుతున్నాను. పాపని నిటారుగా పట్టుకోండి, తల ముందుకి వాలకూడదు. పేరు పెట్టి పిలుస్తూ ఉండండి, పాదాలు గిల్లుతూ ఉండండి. పాలు పట్టకండి. ఊపిరి ఆగినట్టనిపిస్తే వెంటనే చెప్పండి, నేను ఫోను పెట్టను.”

అంబులెన్సు వచ్చేదాకా పదకొండు నిమిషాలు. అత్తగారు ఫోను చెవికి ఆనించుకుని, మరో చేత్తో పాప పాదం గిల్లుతూనే ఉన్నారు. కామా మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టుకీ నడుములో పోటు వచ్చింది. అది వేరెవరి ఒంట్లోదో అన్నట్టు లక్ష్యపెట్టలేదు.

ఆస్పత్రిలో పాప బొటనవేలికి ఎర్ర దీపమున్న చిన్న క్లిప్పు తగిలించారు. తెర మీద ఆక్సిజన్ అంకె తొంభై రెండు, తొంభై మూడు మధ్య ఊగిసలాడింది. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టారు. పిల్లల డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా, జుట్టు ముడేసుకుని ఉంది. సిరంజి ఒకటి నింపి ట్రేలో పెట్టించింది.

“అదేంటి?” అంది కామా.

“విరుగుడు. మీరు వేసుకున్నది నల్లమందు జాతి మాత్ర. పాప ఊపిరి ఇంకా తగ్గితే ఇస్తాం. తగ్గకపోతే మత్తు దానంతటదే దిగిపోతుంది, అవసరం రాదు. కాసేపు చూద్దాం.”

ఆ కాసేపు మూడు గంటలైంది. కామా కళ్లు అంకె మీదనుంచి కదల్లేదు. ఐదున్నరకి మాత్ర ప్రభావం దిగడం మొదలైంది. నొప్పి వడ్డీతో సహా తిరిగొచ్చింది. బాత్రూముకి వెళ్లాలి. వెళ్లలేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చుంది.

“వెళ్లిరా. నేను చూస్తా. రెప్ప వెయ్యను,” అన్నారు అత్తగారు.

“నేను వెళ్లినప్పుడు ఏమన్నా అయితే?”

అత్తగారు మంచానికి దగ్గరగా జరిగారు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, “వేసుకోమని పోరింది నేను. నీ చేతిలో పెట్టి మరీ మింగించాను. నన్ను తిట్టుకో, తప్పులేదు. కానీ లోపల అలా బిగబట్టుకుని కూర్చోకు,” అన్నారు.

“వేసుకున్నది నేనే కదత్తయ్యా,” అంది కామా. లేచి వెళ్లింది. బాత్రూము తలుపు మూసుకున్నాక, నాలుగు రోజుల్లో మొదటిసారి కేక ఆపుకోలేదు. గట్టిగా అరిచింది.

తిరిగొచ్చేసరికి రాళ్ల ఆపరేషను చేసిన పెద్ద డాక్టరు పాప మంచం దగ్గర ఉన్నారు. చేతిలో ఫైలు. కామా తల ఎత్తి, “నేను చెప్పాను. చేరిన రోజే చెప్పాను,” అంది.

“చెప్పారు. ఇందులో ఎవరూ రాయలేదు. డిశ్చార్జప్పుడు మావాడైనా అడగాలి, అడగలేదు. తప్పు మాది,” అన్నారాయన. వాదిస్తారేమోనని సిద్ధంగా ఉన్న కామా పాప మంచం అంచున కూర్చుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఇప్పుడు మీ నొప్పి సంగతి చూద్దాం.”

“నాకేమీ వద్దు.”

“వద్దంటే కుదరదు. నొప్పి భరిస్తే పాలు తగ్గుతాయి, నిద్ర ఉండదు, పాపని ఎత్తుకోలేరు. పాలకి ఇబ్బంది లేని మందులున్నాయి. మొదట్నుంచీ అవే ఇవ్వాల్సింది. పారాసిటమాల్ ఆరు గంటలకొకసారి. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి. మీ కిడ్నీ రక్తపరీక్ష బాగుంది కాబట్టి ఐబూప్రొఫెన్ కూడా, తిన్న తర్వాత, ఎనిమిది గంటలకొకటి. ఈ రెండూ పాలల్లోకి పోయేది బహు తక్కువ. పిల్లలకి జ్వరమొస్తే నేరుగా ఇచ్చేవే ఇవి. నడుముకి వేణ్నీళ్ల సంచి. నీళ్లెన్ని తాగుతున్నారు?”

“కొంచెం,” అంది కామా.

“గ్లాసుడు కూడా లేదు,” అన్నారు అత్తగారు.

“అందుకే అంత మంట. బాత్రూముకి భయపడి నీళ్లు మానేస్తే బాత్రూమే పగబడుతుంది. రెండు మూడు లీటర్లు తాగాలి. జ్వరమొచ్చినా, మూత్రంలో గడ్డలు పడినా, నొప్పి తగ్గకపోయినా నాకు ఫోను చెయ్యండి. నంబరు రాసిస్తాను.”

కామా ఆయన రాసిన చీటీని అక్షరం అక్షరం రెండుసార్లు చదివింది. పైన ఒక మూల ‘తల్లి పాలిస్తోంది’ అని లేదు. కలం అడిగి తీసుకుని తనే రాసింది. ఆయన కింద సంతకం పెట్టారు.

రేపు సాయంత్రందాకా పాలు పిండి పారబోయాలన్నారు. నర్సు పాలు తీసే యంత్రం తెచ్చి పెట్టింది. సీసాలో వెచ్చగా నిండిన పాలని సింకులో ఒంపుతుంటే కామా దుఃఖం ఆపుకోలేకపోయింది. సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి గుర్రుమన్నట్టు ఒక మూలుగు, దాని వెంట ఏడుపు. చిన్న ఏడుపు కాదు. ఆకలేసిన పిల్ల, అన్యాయం జరిగిన పిల్ల, వార్డంతా వినేలా ఏడ్చిన ఏడుపు.

“తొంభై ఎనిమిది!” అని అత్తగారు అరిచారు, ఆ అంకెకి లాటరీ తగిలినట్టు. పిల్లల డాక్టరమ్మ నవ్వి, ట్రేలో సిరంజి తీయించేసింది.

ఆకలికి తాళలేక పాప డబ్బాపాలని చెంచాతో తాగింది. సీసాని మాత్రం మళ్లీ ఉమ్మేసింది. అత్తగారి ఫోను అందుకుని, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మొగుడు, తలుపు దగ్గరే నిలబడి, ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసి, మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. కామా అతని భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు సాయంత్రం ఇంట్లో, గడియారం చూసి మాత్ర వేసుకుని, నడుము వెనక వేణ్నీళ్ల సంచి పెట్టుకుని, అత్తగారు చేతికిచ్చిన రెండో చెంబు నీళ్లు ముగించి కామా పాపని ఒళ్లోకి తీసుకుంది. పోటు ఉంది. కానీ పళ్లు బిగించే పోటు కాదు. పాప ఒకసారి మొహం తిప్పుకుంది, కోపంగా గునిసింది, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంది. గొంతులో గుటకల చప్పుడు వినిపించింది.

కామా తెలియకుండానే ఛాతీ చూస్తూ లెక్కపెట్టింది. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది. నలభై మూడు. పాప తాగుతూనే ఉంది.