రొమ్ము తడుపుకునే పిట్ట

చెలమలో నీళ్లు తొందరపెడితే ఊరవు. ఆగలేక చిప్ప ముంచితే అడుగున ఇసుక లేచి ఉన్న నీళ్లు కూడా బురదవుతాయి. మళ్లీ తేటపడేదాకా గొంతుక్కూర్చోవలసిందే. జమ్మలమడుగు ఊరి బావులన్నీ ఉప్పునీళ్లు కనుక, ఎండాకాలం వచ్చిందంటే ఆడవాళ్లు పెన్నేటి ఇసుకలో చెలమలు తవ్వి, టెంకాయ చిప్పతో తోడి, గుడ్డలో వడగట్టి బిందెలు నింపుకునేవాళ్లు. నీళ్లు ఊరే ఆ కాసేపూ మిగిలినవాళ్లు అత్తల సంగతీ ఆడబిడ్డల సంగతీ చెప్పుకునేవాళ్లు. సుబ్బరత్నం మాత్రం ఏటి నడుమకి చూస్తూ కూర్చునేది. అక్కడ రెండు సన్నటి పాయల మధ్య ఒక ఇసుక దిబ్బ, దాని మీద పిట్టలు.

మొదట్లో ఆమెకు తెల్లగా ఉన్నదల్లా కొంగే. ఆరో తరగతిలో పెద్దమనిషైందని బడి మాన్పించేనాటికి ఆమె చదివిన పుస్తకాల్లో చిలక, నెమలి తప్ప వేరే పిట్ట లేదు. చూడగా చూడగా కొంగలు విడిపోయాయి. నీటి మీద తిరిగి తిరిగి బాణంలా పడేది ఒకటి, తల మీద నల్లటి టోపీ పెట్టుకున్నట్టుంటుంది. ఇసుక రంగులోనే ఉండి, పరుగెత్తితే తప్ప కనబడని చిన్నది ఇంకొకటి. ఒకరోజు ఆ చిన్నది రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోతుంటే పాపం అనుకుని మోకాటి లోతు పాయ దాటి వెంటబడింది. చేతికి అందేంత దగ్గరకు వచ్చాక అది కులాసాగా ఎగిరిపోయింది. పిల్లల దగ్గరినుంచి తనను దూరంగా తీసుకుపోవడానికే అంత నాటకం ఆడిందని అర్థమై, తడిసిన చీరతో ఏటి మధ్యన నిలబడి ఒక్కతే నవ్వింది. ఇంకో సంగతి కూడా తనంతట తనే నేర్చుకుంది. నేరుగా చూస్తే పిట్ట లేచిపోతుంది. చిప్పతో తోడుకుంటూ ఓరగా చూస్తే దాని పని అది చేసుకుంటుంది.

ఇంట్లో ఉయ్యాలలో ఆరునెలల పాప. ఉయ్యాల ముడి గట్టిగా వేశానా, చీమలు పాకాయా, తాగిన పాలు గొంతుకు అడ్డం పడలేదు కదా అని ఆమె తలలో ఎప్పుడూ ఒక రొద. రాత్రిపూట పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. ఆ రొద ఆగేది దిబ్బను చూసేటప్పుడే.

"నీళ్లు తోడుతాండావా, ఏరు తోడుతాండావా మే?" అనేది అత్త, ఆలస్యమైనప్పుడల్లా.

చైత్రం వెళ్లేసరికి దిబ్బ మీద తీతువు గుడ్లు పెట్టింది. గూడు లేదు, నీడ లేదు, వట్టి ఇసుక మీద గులకరాళ్లలా నాలుగు గుడ్లు. పొద్దెక్కేకొద్దీ ఇసుక పెనంలా కాలుతుంది. ఆ పిట్ట పాయలోకి నడిచివెళ్లి, కూర్చుని, రొమ్మూ పొట్టా బాగా తడుపుకుని, నీళ్లు కారుతుండగానే వచ్చి గుడ్ల మీద వాలింది. చూస్తుండగానే సుబ్బరత్నం రవిక కూడా పాలతో తడిసింది. కొంగు సర్దుకుంటూ ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. కాసేపటికి ఇంకో తీతువు వచ్చింది. కూర్చున్నది లేచిపోయింది, వచ్చినది కూర్చుంది. అదీ తడిసే వచ్చింది. రెండింటికీ కంటి ముందు అదే ఎర్ర తోలు, అవే పచ్చటి కాళ్లు. ఎంత ఓరగా చూసినా తల్లి ఏదో తండ్రి ఏదో ఆమెకు తెలియలేదు.

ఆ వారంలోనే పాపకు జ్వరం వచ్చింది. పక్కింటి సకీనా చూడవచ్చి, నవ్వుతూనే అంది: "మీ కోడలికి ఏటికాడ తీతువులంటే శానా ఇష్టం పెద్దమ్మా. గుడ్లు పొదిగేది గూడా చూస్తాది."

అత్త మొహం మారిపోయింది. "తీతువా? అది అరిస్తేనే కీడు. పాలిచ్చే దానివి తీతువు అరుపు కింద కూర్చొని వచ్చి, ఆ రొమ్మే బిడ్డ నోట్లో పెడతాండావా? బుద్ధి ఉండాదా నీకు?" అని ఉప్పు గల్లు పాప చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. అది చిటపటమంటుంటే సుబ్బరత్నం పాపను దగ్గరకు లాక్కుంది. నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేకపోయింది. ఆ రెండు రోజులూ పాలిచ్చే ముందు ప్రతిసారీ నీళ్లతో రొమ్ము కడుక్కుంది, నేరం చేసినదానిలా. మూడోనాడు జ్వరం తగ్గింది, పాప చిగురులో తెల్లగా పన్ను మొన కనిపించింది. "పండ్లు వచ్చేకి వచ్చిన జ్వరం" అంది అత్తే. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మొగుడు వెంకటరమణయ్యకు గుడ్డల అంగడి. అన్నీ విని, కోప్పడలేదు. పంచాయతీ వాళ్లు పెద్దవీధిలో కొళాయిలు వేస్తుంటే వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి ఇంటికి ఒకటి వేయించాడు. "మదరాసు నుంచి విడిపోయి కొత్త రాష్ట్రం వచ్చినాక మన వీధిలో ఇంట్లోకి వచ్చిన కొళాయి ఇదే. ఇంగ నువ్వు గడప దాటే పనే లేదు" అన్నాడు, మొహం వెలిగిపోతూ. వీధి వీధంతా వచ్చి తిప్పి చూసింది. "మొగుడంటే అట్లుండల్ల" అన్నారు. సుబ్బరత్నం తలూపింది. అతను మంచివాడే. అదే ఆమెకు ఊపిరాడనివ్వలేదు. చెడ్డ చేసుంటే ఏడ్చి ఉండేది. మంచి చేసినవాడితో ఏమని చెప్పాలి?

బిందె ఇట్టే నిండేది. మిగిలిన పొద్దు ఎవరిదని ఎవరూ అడగలేదు. "నీళ్ల పని తప్పింది గదా" అని అత్త అప్పడాల పిండి తడిపించింది. "నీళ్ల పని తప్పింది గదా" అని అతను అంగట్లోని తువ్వాళ్లు తెచ్చి అంచులు కుట్టమన్నాడు. కుడుతూ కుడుతూ సూది ఆపి ఆమె పెరట్లోకి వెళ్లేది, ఎందుకు వచ్చిందో తెలియక మళ్లీ లోపలికి వచ్చేది. ఇసుక ఇప్పుడు ఎంత కాలుతుంటుందో. గుడ్లు పిల్లలయ్యాయా, కుక్కలు తిన్నాయా? సకీనాను అడిగితే, "నేనేడ చూస్తా మే, నీళ్లు తోడుకొని వస్తా. పిట్టలతో నాకేం పని?" అంది. పిట్టలతో తనకు మాత్రం ఏం పని? ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరికీ చెప్పగలిగే జవాబు ఆమె దగ్గర లేదు. నీళ్లన్న సాకు ఉన్నన్నాళ్లూ జవాబు అవసరం పడలేదు. సాకు పోయాకే తెలిసింది, నిజంగా తనకు కావలసింది నీళ్లు కాదని.

ఒక తెల్లవారుజామున ఏటివైపు నుంచి తీతువు అరుపు వినబడింది. అత్త లోపలినుంచి "రామ రామ" అంది. సుబ్బరత్నం పాపకు కడుపునిండా పాలిచ్చి, భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తట్టి, వసారాలో పళ్లు తోముకుని కూర్చున్న మొగుడి ఒడిలో పెట్టింది.

"ఏందిది?"

"పాప."

"అది కాదు మే, యాడికి పోతాండావు?"

"ఏటికి."

"కొళాయి చెడిపోయినాదా?"

"బాగనే వస్తాండాది."

"మరి ఏటికాడ ఏం పని?"

"పిట్టల్ను చూసేకి."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. లోపల అత్త మంచం కిర్రుమంది. పాప మెడ వెనక్కి వాలుతుంటే రెండు చేతులా పట్టుకుని, పగిలేదేదో చేతిలో పెట్టినట్టు బిగుసుకుపోయాడు.

"మే, మే! నాకు ఎత్తుకునేది రాదు మే!"

సుబ్బరత్నం గడప మీదినుంచి వెనక్కి చూసింది. తల కింద చెయ్యి పెట్టమని సైగ చేసింది. పెట్టాడు.

"నాకూ రాకుండె," అంది. "ఎత్తుకుంటా ఎత్తుకుంటా నేర్చుకుంటి."